టెలిస్కోపు కొనకముందే: నీహారికలను, గెలాక్సీలను ఫొటో తీయడం ఎలా మొదలుపెట్టాలి

చంద్రబింబాన్నీ శని వలయాలనూ ఫొటో తీయడం ఒక విద్య. సౌర కుటుంబానికి ఆవల ఉన్న నీహారికలను (వాయు, ధూళి మేఘాలను), తారాగుచ్ఛాలను (నక్షత్రాల గుంపులను), గెలాక్సీలను ఫొటో తీయడం పూర్తిగా వేరొక విద్య, దీన్నే డీప్ స్కై ఆస్ట్రోఫొటోగ్రఫీ అంటారు. కొత్తగా దీనిలో అడుగుపెట్టేవారిలో చాలామంది, అంత దూరంలో ఉన్నవాటిని పట్టుకోవాలంటే బాగా పెద్దవి చేసి చూపే పరికరం ఉండాలనుకుని ముందుగా టెలిస్కోపు కోసం వెతుకుతారు. నిజానికి ఆ వస్తువులతో వచ్చే చిక్కు అవి చిన్నవి కావడం కాదు, మసకగా ఉండడం. సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ మన ఆకాశంలో దాదాపు 3 డిగ్రీల పొడవున పరచుకుని ఉంటుంది, అంటే ఆరు పూర్ణచంద్రులను పక్కపక్కనే పేర్చినంత. అంత పెద్దదాన్ని మనం చూడలేకపోవడానికి కారణం ఒక్కటే: కన్ను వచ్చిన కాంతిని వచ్చినట్టే వదిలేస్తుంది, కూడబెట్టుకోలేదు.

కెమెరా కూడబెట్టుకోగలదు. 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ అనే అమెరికన్ వైద్యుడు ఓరియన్ నీహారికను 51 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో, అంటే అంతసేపు కాంతిని పట్టి, ఫొటో తీశాడు. ఒక నీహారిక ఫొటోలో చిక్కడం అదే మొదటిసారి. ఆ పని వెనుక ఉన్న సూత్రం నేటికీ మారలేదు. ఆయన ఒకే పలక మీద ఏకబిగిన కాంతిని పట్టాడు, మనం మాత్రం చిన్న చిన్న ఎక్స్‌పోజర్లను వందల సంఖ్యలో తీసి, తరువాత కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే చిత్రంగా చేస్తాం. కొనవలసిన వస్తువులైనా, నేర్చుకోవలసిన పనులైనా, ఈ కూడబెట్టడానికి ఏ మేరకు పనికొస్తాయన్న లెక్కతోనే తూచాలి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

లెన్సులు మార్చుకోగల డీఎస్‌ఎల్‌ఆర్ లేదా మిర్రర్‌లెస్ కెమెరా, గాలికి ఊగని ట్రైపాడ్, కెమెరాను చేత్తో తాకకుండా వరుసగా ఫొటోలు తీయించే ఇంటర్వెలోమీటర్ ఉంటే మొదటి కొన్ని నెలలు గడిచిపోతాయి. కెమెరా పదేళ్ల కిందటిదైనా ఇబ్బంది లేదు. రా ఫైళ్లను (సెన్సర్ పట్టిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు ఉంచే ఫైళ్లను) భద్రపరచగలిగి, షట్టర్ వేగం, ఐఎస్‌ఓ (పట్టిన కాంతిని పెంచి చూపే స్థాయి), అపెర్చర్ (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం) మూడింటినీ మాన్యువల్‌గా పెట్టుకోవడానికి వీలిస్తే చాలు.

లెన్సు విషయంలో మాత్రం కాస్త ఆలోచించాలి. కెమెరాతో పాటు వచ్చే జూమ్ లెన్సు చివరి కొసలో సాధారణంగా ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అపెర్చర్ అంత పెద్దది). ఎఫ్/2.8 అపెర్చర్ అదే సమయంలో సెన్సర్ మీదకు దానికి 4 రెట్ల కాంతిని పంపుతుంది కాబట్టి, ఒక లెన్సు నాలుగు గంటలు కష్టపడి చేసే పనిని రెండవది ఒక గంటలో చేస్తుంది. అందువల్ల 50, 85 లేదా 135 మిల్లీమీటర్ల ప్రైమ్ లెన్సు (జూమ్ కానిది) ఏదైనా మీ దగ్గర ఉంటే, అది పాత మాన్యువల్ లెన్సు అయినా సరే, జూమ్‌ను పక్కన పెట్టి దానినే వాడండి. అయితే ఎఫ్/1.8 లెన్సును పూర్తిగా తెరిచి వాడితే ఫ్రేము మూలల్లోని నక్షత్రాలు రెక్కలు విప్పిన పక్షుల్లా సాగి కనిపిస్తాయి. ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు కాంతి సగమవుతుంది) తగ్గించి, ఎఫ్/2.8 ప్రాంతంలో పెట్టుకుంటే ఈ దోషం చాలావరకు సర్దుకుంటుంది.

టెలిస్కోపు ఎందుకు వద్దంటున్నానో ఒక చిన్న లెక్కతో చెప్పవచ్చు. భూభ్రమణం వల్ల ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే రేఖ) దగ్గరున్న నక్షత్రం ఆకాశంలో సెకనుకు 15 ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను) చొప్పున జరుగుతుంది. ఒక్కో పిక్సెల్ ఎంత ఆకాశాన్ని చూస్తుందో తెలుసుకోవడానికి పిక్సెల్ పరిమాణాన్ని మైక్రాన్లలో తీసుకుని, దానిని 206తో గుణించి, లెన్సు మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. 4 మైక్రాన్ల పిక్సెళ్లున్న కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే ఒక పిక్సెల్ విలువ సుమారు 16 ఆర్క్ సెకన్లు, అంటే నక్షత్రం ఒక పిక్సెల్ దాటడానికి సెకను పైగా పడుతుంది. అదే కెమెరాను 750 మిల్లీమీటర్ల టెలిస్కోపుకు తగిలిస్తే పిక్సెల్ విలువ 1.1 ఆర్క్ సెకన్లకు పడిపోతుంది కాబట్టి, సెకనులో పద్నాలుగో వంతులోనే నక్షత్రం పక్క పిక్సెల్‌లోకి జారిపోతుంది. ఆ జారుడును సరిదిద్దే మౌంటు (టెలిస్కోపును మోసి తిప్పే ఆధారం) టెలిస్కోపు కన్నా బరువైనదిగా, ఎంతో కచ్చితమైనదిగా ఉండాలి. అనుభవం లేనివారు అంత పని ఒకేసారి నెత్తికెత్తుకుంటే, తప్పు మౌంటులో ఉందో, ఫోకస్‌లో ఉందో, గాలిలో ఉందో తెలియక నెలల తరబడి సతమతమవుతారు.

రాత్రిని, లక్ష్యాన్ని ఎంచుకోవడం

చంద్రుడు ఆకాశంలో ఉన్నంతసేపు మసక నీహారికలు వెన్నెల వెలుగులో కలిసిపోతాయి. అమావాస్యకు ముందూ వెనుకా నాలుగైదు రోజులు మీవి అనుకోండి. మిగిలిన రోజుల్లో చంద్రుడు అస్తమించిన తరువాతో, ఉదయించడానికి ముందో దొరికే గంటలను వాడుకోవచ్చు. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కిందికి దిగేవరకు ఆకాశంలో సంధ్యా కాంతి మిగిలే ఉంటుంది కాబట్టి, కంటికి చీకటి పడినట్టు అనిపించిన వెంటనే తీయడం మొదలుపెట్టకండి. ఆ సమయాన్ని పరికరాలు అమర్చుకోవడానికి, ఫోకస్ చేసుకోవడానికి కేటాయించండి.

చీకటిలో తరతమ భేదాలను చెప్పడానికి జాన్ బోర్టిల్ 2001లో ప్రతిపాదించిన 9 తరగతుల కొలమానాన్ని వాడతారు. 1వ తరగతి అంటే ఏ కృత్రిమ దీపపు ఛాయా సోకని ఆకాశం, 9వ తరగతి అంటే మహానగరం నడిబొడ్డు. పట్టణ ఆకాశం కింద డీప్ స్కై ఫొటోలు అసాధ్యం కాదు గాని, అక్కడ అనేక గంటలు కూడబెట్టినది చీకటి ప్రదేశంలో ఒక గంటలో దక్కుతుంది. లెన్సు మార్చడం కన్నా, కెమెరా మార్చడం కన్నా, చీకటి చోటికి ప్రయాణించడమే చిత్రాన్ని ఎక్కువగా మార్చుతుందన్నది నా స్థిరమైన అభిప్రాయం. కాంతి కాలుష్యాన్ని అడ్డుకుంటాయని అమ్మే ఫిల్టర్లను ఇప్పుడే కొనకండి. పాత సోడియం దీపాలు కొన్ని రంగుల్లోనే వెలిగేవి కాబట్టి వాటిని వేరుచేసి ఆపడం సులువుగా ఉండేది. ఎల్‌ఈడీ దీపాల వెలుగు అన్ని రంగుల్లోనూ పరచుకుని ఉంటుంది కనుక, దానిని ఆపబోతే గెలాక్సీల, నక్షత్రాల వెలుగు కూడా దానితోపాటే ఆగిపోతుంది.

ఇక ఏ లక్ష్యంతో మొదలుపెట్టాలి? డిసెంబరు నుంచి మార్చి వరకు సాయంకాలపు ఆకాశంలో ఉండే ఓరియన్ నీహారికకు సాటి వచ్చేది మరొకటి లేదు. ఎం42 అని పిలిచే ఈ నీహారిక సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వరుసగా కనిపించే మూడు నక్షత్రాల కింద కత్తిలా వేలాడే చుక్కలలో నడిమిది అదే, చీకటిలో మామూలు కంటికి కూడా మసక మచ్చలా తెలుస్తుంది. ఆకాశంలో గురి చూడడం రాని వారికి ఈ సౌలభ్యం చిన్నది కాదు. కృత్తికలు రెండవ మంచి లక్ష్యం. ఆ నక్షత్రాల చుట్టూ ఉన్న ధూళి వాటి నీలి కాంతిని ప్రతిఫలిస్తుంది కాబట్టి మార్పులు చేయని మామూలు కెమెరా కూడా దానిని చక్కగా పట్టుకుంటుంది. ఆండ్రోమెడా గెలాక్సీ, ధనుస్సు రాశిలోని లగూన్ నీహారిక ఆ తరువాతి వరుసలో వస్తాయి. ఎం అక్షరం చార్లెస్ మెసియే పేరుకు గుర్తు. 18వ శతాబ్దంలో తోకచుక్కలను వెతుకుతూ, తోకచుక్కలుగా భ్రమింపజేసే మసక మచ్చలన్నింటినీ ఆయన ఒక పట్టికగా రాసిపెట్టుకున్నాడు. ఆయన పక్కన పెట్టవలసినవిగా గుర్తించినవే నేడు మనం కోరి వెతుక్కునేవి.

లక్ష్యం దిగంతానికి 30 డిగ్రీల కన్నా ఎత్తులో ఉన్నప్పుడే తీయండి. సరిగ్గా 30 డిగ్రీల ఎత్తులో ఉన్న వస్తువు కాంతి, నడినెత్తిన ఉన్నదానితో పోలిస్తే రెట్టింపు మందం గాలిని దాటి రావాలి. స్టెల్లేరియం అనే ఉచిత ప్రోగ్రాములో మీ ప్రదేశం, తేదీ ఇచ్చి, లక్ష్యం ఎప్పుడు ఎంత ఎత్తుకు వస్తుందో, మీ లెన్సు ఫ్రేములో ఎంత మేర ఇముడుతుందో ముందుగానే చూసుకోవచ్చు. నక్షత్రాలు రోజుకు సుమారు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి, అంటే నెలకు రెండు గంటలు. కాబట్టి ఈ నెల అర్ధరాత్రి అందినది వచ్చే నెల రాత్రి పదింటికే అందుతుంది.

ఫోకస్

ఈ విద్యలో ఎక్కువ రాత్రులు పాడయ్యేది ఇక్కడే కాబట్టి దీనిని తొందరపడి దాటవేయకండి. నక్షత్రాలు చీకటిలో ఆటోఫోకస్‌కు దొరకవు. లెన్సు మీద ఉండే అనంత చిహ్నాన్ని నమ్మడానికీ వీల్లేదు, చాలా లెన్సులు ఆ గుర్తును దాటి కూడా తిరుగుతాయి. ఆటోఫోకస్‌ను ఆపేసి, ఆకాశంలో బాగా ప్రకాశవంతమైన నక్షత్రానికి గురిపెట్టి, లైవ్ వ్యూను 10 రెట్లు పెద్దది చేసి, ఫోకస్ రింగును వెంట్రుకవాసి చొప్పున కదుపుతూ ఆ నక్షత్రం అన్నిటికన్నా చిన్న చుక్కగా కనిపించే స్థానాన్ని పట్టుకోవాలి. ఆ స్థానాన్ని ఒకసారి దాటి వెళ్లి, మళ్లీ వెనక్కి వస్తే అది ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. బాహ్టినోవ్ మాస్క్ అనే గీతల చిల్లుల పలకను లెన్సు ముందు పెడితే పని ఇంకా తేలికవుతుంది. నక్షత్రం నుంచి మూడు కాంతి రేఖలు చీలి కనిపిస్తాయి, మధ్య రేఖ మిగిలిన రెండింటికీ సరిగ్గా నడుమ నిలిచినప్పుడు ఫోకస్ కుదిరినట్టు.

కుదిరిన వెంటనే రింగు కదలకుండా టేపు అంటించండి. నేను మొదట్లో ఈ చిన్న పని చేయక ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. లెన్సును పైకి ఎత్తి గురిపెట్టినప్పుడు దాని బరువుకే రింగు కొద్దిగా జారింది, కెమెరా చిన్న తెర మీద అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. మర్నాడు పెద్ద తెర మీద చూసేసరికి దాదాపు నాలుగు వందల ఫ్రేముల్లోనూ నక్షత్రాలు వడల్లా ఉబ్బి ఉన్నాయి. రాత్రి చల్లబడేకొద్దీ లెన్సు లోహం కుదించుకుని ఫోకస్ తనంతట తానే జరుగుతుంది కాబట్టి, టేపు వేసినా గంటకోసారి ఒక ఫ్రేమును పెద్దది చేసి చూసుకోవాలి. అదే సమయంలో ముందు గాజు మీద మంచు పట్టిందేమో కూడా చూడండి. నక్షత్రాల చుట్టూ మెత్తని వెలుగు వలయాలు ఏర్పడుతున్నాయంటే మంచు చేరినట్టే. లెన్సు హుడ్ కొంతవరకు కాపాడుతుంది, యూఎస్‌బీతో పనిచేసే చిన్న హీటర్ పట్టీ చుడితే ఆ బెడద ఉండదు.

ట్రైపాడ్ మీద తొలి ప్రయత్నం

కెమెరాలో చేయవలసిన మార్పులు కొన్నే. ఫైలు రకం రా, మోడ్ మాన్యువల్, వైట్ బ్యాలెన్స్ పగటి వెలుగు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్‌ను (చిత్రంలోని గరుకు చుక్కలను, అంటే నాయిస్‌ను తగ్గించే సదుపాయాన్ని) తప్పక ఆపేయాలి, లేకపోతే కెమెరా ప్రతి ఫొటో తరువాత అంతే సమయం షట్టర్ మూసి ఉంచి, మీ రాత్రిలో సగాన్ని మింగేస్తుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులోని ఇమేజ్ స్టెబిలైజేషన్ కూడా ఆపండి. ఐఎస్‌ఓ 1600 దగ్గర మొదలుపెట్టవచ్చు. ఐఎస్‌ఓ పెంచితే కాంతి పెరగదు, ఉన్న కాంతిని చూపే స్థాయి మాత్రమే పెరుగుతుంది.

ఎంత సేపు షట్టర్ తెరవాలన్న ప్రశ్నకు 500 నియమం అని ఒక జవాబు విస్తారంగా ప్రచారంలో ఉంది: 500ను ఫోకల్ లెంగ్త్‌తో, చిన్న సెన్సర్ అయితే దాని క్రాప్ ఫ్యాక్టర్‌తో (ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ కన్నా అది ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే అంకెతో) కూడా భాగిస్తే సెకన్లు వస్తాయి. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్‌కు (క్రాప్ ఫ్యాక్టర్ సుమారు 1.5) 135 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే ఇది సుమారు 2.5 సెకన్లు ఇస్తుంది. ఇందాకటి లెక్క ప్రకారం ఆ లెన్సుతో నక్షత్రం ఒక పిక్సెల్ దాటడానికి 0.4 సెకను చాలు. అంటే ఈ నియమాన్ని పాటిస్తే నక్షత్రం ఆరు పిక్సెళ్ల గీతగా సాగుతుంది. ఫిల్మ్ కాలపు గరుకు రేణువుల ముందు అది కనిపించేది కాదేమో గాని, ఇప్పటి సెన్సర్లలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ నియమం ఇచ్చినదానిలో సగం కన్నా తక్కువ పెట్టుకోండి: 135 మిల్లీమీటర్లకు 1 సెకను, 50 మిల్లీమీటర్లకు 2.5 సెకన్లు. ధ్రువం వైపు ఉన్న నక్షత్రాలు నెమ్మదిగా జరుగుతాయి కాబట్టి అక్కడ ఇంకొంచెం ఎక్కువ తెరవవచ్చు. ఓరియన్ ఖగోళ మధ్యరేఖ మీదనే ఉంది కనుక దానికి ఆ వెసులుబాటు లేదు.

ఒక సెకను ఫొటోలో కనబడేది దాదాపు శూన్యం, మధ్యలో చిన్న గులాబీ మచ్చ తప్ప. నిరాశపడకుండా ఆరు వందలు తీయండి, పది నిమిషాల కాంతి చేతికొస్తుంది. వీలైతే పన్నెండు వందలు తీయండి. లక్ష్యం ఫ్రేములో పక్కకు జరిగిపోతూ ఉంటుంది కాబట్టి ప్రతి అయిదారు నిమిషాలకు ఒకసారి కెమెరాను సవరించి, లక్ష్యాన్ని మళ్లీ మధ్యకు తెచ్చుకోవాలి. సవరించిన ప్రతిసారీ సరిగ్గా అదే స్థానంలో కాక కాస్త అటూఇటూగా పెట్టడం మంచిది. ఫ్రేము ఒకే దిశలో జారుతూ పోతే, సెన్సర్‌లోని స్థిరమైన లోపాలు పేర్చిన చిత్రంలో వాలుగా కురిసే వాన గీతల్లా తేలతాయి.

ఇన్ని ఫ్రేములు ఎందుకంటే, వాటిని సగటు తీసినప్పుడు నీహారిక కాంతి అన్నిటిలోనూ ఒకే చోట ఉండి నిలబడుతుంది, యాదృచ్ఛికమైన నాయిస్ మాత్రం ఒకదానితో ఒకటి చెల్లిపోతుంది. ఈ మెరుగుదల ఫ్రేముల సంఖ్యకు వర్గమూలం చొప్పున పెరుగుతుంది. 100 ఫ్రేములు ఒక ఫ్రేము కన్నా 10 రెట్లు శుభ్రమైన చిత్రాన్నిస్తే, దానిని 20 రెట్లు చేయడానికి 400 ఫ్రేములు కావాలి. మొదటి గంటలో చిత్రం కళ్లముందే మారిపోతుంది, అయిదవ గంట నుంచి ఆరవ గంటకు వచ్చే తేడా కష్టం మీద తెలుస్తుంది. అయినా ఒక రాత్రిలో నాలుగు లక్ష్యాలను తడిమి చూసేవారికన్నా, ఒకదాని మీదే రాత్రంతా నిలిచినవారికే మంచి చిత్రం దక్కుతుంది.

సరిదిద్దే ఫ్రేములు

ఆకాశాన్ని తీసిన ఫొటోలను లైట్లు అంటారు. వాటితోపాటు మరి మూడు రకాలు తీసుకోవాలి. డార్కులు లెన్సు మూత పెట్టి, లైట్లకు వాడిన ఎక్స్‌పోజర్, ఐఎస్‌ఓలతోనే, అదే ఉష్ణోగ్రతలో తీసేవి. సెన్సర్ వేడికి పుట్టే నాయిస్, వేడి పిక్సెళ్లు వాటిలో నమోదవుతాయి. కాబట్టి ఇంటికి వచ్చాక కాకుండా ఆరుబయట, పని ముగిసిన వెంటనే 20 నుంచి 30 వరకు తీయండి. బయాస్ ఫ్రేములు కూడా మూత పెట్టి తీసేవే, అయితే కెమెరాలో ఉన్న అత్యల్ప షట్టర్ సమయంతో తీయాలి. వీటికి నిమిషం కూడా పట్టదు.

ఫ్లాట్లకు మాత్రం ఓపిక కావాలి, అందుకే కొత్తవారు వీటినే ఎగ్గొడతారు. ప్రతి లెన్సూ ఫ్రేము మధ్యలో కన్నా మూలల్లో తక్కువ కాంతినిస్తుంది, సెన్సర్ మీద పడ్డ ధూళి గుండ్రని నీడలు వేస్తుంది. మామూలు ఫొటోలో తెలియని ఈ లోపాలు, మసక నీహారికను బయటికి లాగడానికి చిత్రాన్ని ప్రకాశవంతం చేసినప్పుడు నీహారికతో పాటే పైకి వస్తాయి. తెల్లవారే వెలుగులో గానీ, తెల్లని తెరను వెలిగించిన ట్యాబ్లెట్ ముందు గానీ, లెన్సు మీద తెల్లని నూలు గుడ్డను ముడతలు లేకుండా పరచి, హిస్టోగ్రామ్ (వెలుగు స్థాయిలను చూపే గ్రాఫు) శిఖరం సుమారు మధ్యలో ఉండేలా ఎక్స్‌పోజర్ సరిచేసుకుని 20 లేదా 30 ఫ్రేములు తీయండి. అప్పటివరకు లెన్సును విప్పకూడదు, అపెర్చర్ మార్చకూడదు, ఫోకస్ రింగును తాకకూడదు. ఈ మూడింటిలో ఏది మారినా నీడల స్వరూపం మారిపోతుంది, తప్పు ఫ్లాట్లు వాడిన చిత్రం అసలు ఫ్లాట్లు వాడని చిత్రం కన్నా అధ్వానంగా తయారవుతుంది.

కంప్యూటర్ ముందు

పేర్చే పనిని డీప్‌స్కైస్టాకర్, సిరిల్ అనే రెండు ఉచిత ప్రోగ్రాములు చక్కగా చేస్తాయి. వీటిలో రెండవది విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది, పేర్చిన తరువాతి పనులకు కూడా పనికొస్తుంది. కాబట్టి సిరిల్‌నే నేర్చుకోమంటాను. లైట్లు, డార్కులు, ఫ్లాట్లు, బయాస్‌లను వేర్వేరు ఫోల్డర్లలో పెట్టి, అందులో ముందే ఉన్న స్క్రిప్టును నడిపితే అది సవరించి, నక్షత్రాలను ఆధారం చేసుకుని ఫ్రేములను సరిపోల్చి, సగటు తీసి ఇస్తుంది. పేర్చేటప్పుడు మిగతావాటితో పొసగని పిక్సెళ్లను వదిలేస్తుంది కాబట్టి విమానాలు, ఉపగ్రహాలు గీసిన గీతలు తుడిచిపెట్టుకుపోతాయి. అంతకుముందు లైట్లను ఒకసారి మీ కళ్లతో తిరగేసి, మబ్బు కమ్మినవి, గాలికి చెదిరినవి తీసేయడం మరవకండి.

వచ్చిన చిత్రం దాదాపు నల్లగా ఉంటుంది. కంగారు పడకండి, సమాచారమంతా ఆ నలుపు అడుగునే ఉంది. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లుంటే, నీహారిక మసక భాగాలు వాటిలో అట్టడుగు కొన్ని మెట్ల మీదే నిలిచి ఉంటాయి. 256 మెట్లు మాత్రమే ఉండే జేపీఈజీ ఈ పనికి చాలకపోవడానికి కారణమూ అదే. ముందుగా అంచుల్లో అక్కరలేని పట్టీలను కత్తిరించి, నేపథ్యాన్ని వేరుచేసే సాధనంతో కాంతి కాలుష్యపు చాయను తొలగించి, ఆ తరువాత ఫొటోమెట్రిక్ రంగుల సవరణను నడపండి. అది చిత్రంలోని నక్షత్రాలను గుర్తుపట్టి, కేటలాగులో వాటికున్న అసలు రంగులతో పోల్చి తూకం సరిచేస్తుంది. ఈ మూడూ ముగిశాకే స్ట్రెచింగ్, అంటే హిస్టోగ్రామ్ నడిమి స్లైడరును కొద్దికొద్దిగా ఎడమకు జరిపి అడుగు మెట్లను పైకి లాగడం. ఒకే ఊపులో కాకుండా మూడు నాలుగు విడతలుగా లాగండి, నేపథ్యాన్ని కటిక నలుపు చేయకండి. నిజమైన ఆకాశ నేపథ్యం ముదురు బూడిద రంగులో ఉంటుంది. దానిని నలుపులోకి తొక్కేస్తే నీహారిక అంచుల్లోని పలుచని పొరలు దానితోపాటే సమాధి అవుతాయి. కొత్తవారు రంగుల గాఢతను, పదునును మితిమీరి పెంచుతారు, నేనూ పెంచాను. చిత్రం ముగిసిందనిపించాక ఒక రోజు పక్కన పెట్టి, మర్నాడు చూసి సగం తగ్గించుకోవడం నాకు అలవాటైంది.

ట్రాకర్ కొన్న తరువాత

పైన చెప్పిన పనులన్నీ చేతికి అలవాటయ్యాక, కొనవలసిన మొదటి వస్తువు స్టార్ ట్రాకర్. ఇది కెమెరాను 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒక చుట్టు చొప్పున, భూమి తిరుగుడుకు ఎదురుగా తిప్పుతుంది. ఒక సెకనుకు పరిమితమైన ఎక్స్‌పోజర్ ఒక్కసారిగా 60 సెకన్లకు, 120 సెకన్లకు పెరుగుతుంది. మోయగలనని తయారీదారు చెప్పిన బరువులో సగానికి మించి ఎక్కించకుండా చూసుకోండి.

ట్రాకర్ తిరిగే ఇరుసు ఖగోళ ధ్రువానికి గురిపెట్టి ఉండాలి, దీన్నే పోలార్ అలైన్‌మెంట్ అంటారు. ముందుగా ట్రైపాడ్‌ను మట్టం చేసి, ఇరుసు వాలును మీరున్న చోటి అక్షాంశానికి సమానంగా పెట్టి, ఉత్తరార్ధగోళంలో ఉన్నవారు దానిని ధ్రువ నక్షత్రం వైపు తిప్పాలి. అయితే ధ్రువ నక్షత్రం సరిగ్గా ధ్రువం మీద లేదు, చంద్రబింబం వెడల్పు కన్నా కాస్త ఎక్కువ దూరంలో దాని చుట్టూ తిరుగుతూ ఉంటుంది. అందుకే ట్రాకర్‌లోని పోలార్ స్కోపులో గడియారపు ముఖం వంటి వలయం ఉంటుంది. ఆ సమయానికి ధ్రువ నక్షత్రం వలయంలో ఏ అంకె దగ్గర ఉండాలో ఫోన్‌లోని యాప్ చెబుతుంది, అక్కడికి చేర్చాలి. దక్షిణార్ధగోళంలో ఈ పనికి దొరికేది సిగ్మా ఆక్టాంటిస్ అనే మసక నక్షత్రం కాబట్టి అక్కడివారికి మరింత ఓర్పు కావాలి. కెమెరాను, ఎదురు బరువును తూకం చేయడం, లెన్సును లక్ష్యం వైపు తిప్పడం అయ్యాక అలైన్‌మెంట్‌ను ఇంకోసారి చూడండి. బరువు మారినప్పుడు ట్రైపాడ్ కొద్దిగా వంగుతుంది.

ఎక్స్‌పోజర్ ఎంత ఉండాలో ఇప్పుడు హిస్టోగ్రామ్ చెబుతుంది. దాని శిఖరం ఎడమ గోడను విడిచి, మొత్తం వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య నిలిస్తే చాలు. అంతకు మించి తెరిస్తే నక్షత్రాలు రంగు కోల్పోయి తెల్లబడతాయి. పట్టణ ఆకాశం కింద ఇది 30 సెకన్లకే నిండవచ్చు, చీకటి ఆకాశం కింద రెండు మూడు నిమిషాలు పట్టవచ్చు. ఐఎస్‌ఓను 800కు దించుకోవచ్చు. పది పదిహేను ఫ్రేములకు ఒకసారి కెమెరాను కొన్ని పిక్సెళ్లు అటూఇటూ జరపండి. డిథరింగ్ అనే ఈ అలవాటు డార్కుల కన్నా ఎక్కువ మేలు చేసిన సందర్భాలు ఎన్నో చూశాను. ఓరియన్ నీహారిక నడిబొడ్డు మిగిలిన భాగాల కన్నా ఎంతో ప్రకాశవంతం కాబట్టి, దానికోసం 5 సెకన్ల ఫ్రేములు కొన్ని విడిగా తీసి, తరువాత రెండు చిత్రాలనూ కలపవలసి ఉంటుంది.

200 మిల్లీమీటర్ల వరకు ట్రాకర్ హాయిగా నడుస్తుంది. ఆపైకి వెళ్లాలనిపించినప్పుడే మోటార్లు రెండు ఇరుసులనూ తిప్పే ఈక్వటోరియల్ మౌంటు, 60 నుంచి 80 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న అపోక్రొమాటిక్ (రంగులు చీలకుండా ఫోకస్ చేసే) టెలిస్కోపు, మౌంటు తప్పులను క్షణక్షణం సరిదిద్దే గైడింగ్ కెమెరా గురించి ఆలోచించండి, డబ్బులో ఎక్కువ వాటాను మౌంటుకే ఇవ్వండి. హైడ్రోజన్ నీహారికల ఎరుపు 656.3 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. మామూలు కెమెరాలోని ఫిల్టరు ఆ కాంతిలో ఎక్కువ భాగాన్ని ఆపేస్తుంది కాబట్టి, రోజెట్ వంటి ఎర్రని నీహారికల మీద మనసు పడ్డాక ఆ ఫిల్టరును మార్పించుకోవచ్చు, లేదా ఖగోళ ఫొటోలకే చేసిన కెమెరా తీసుకోవచ్చు. గెలాక్సీలకు, కృత్తికలకు ఆ అవసరం రాదు.

ప్రతి రాత్రి తీసిన లైట్లను, వాటి ఫ్లాట్లు, డార్కులతో సహా, తేదీ, లెన్సు, ఎక్స్‌పోజర్, ఐఎస్‌ఓ రాసిన ఫోల్డర్లలో దాచిపెట్టండి. ఓరియన్ వచ్చే ఏడాది డిసెంబరులో మళ్లీ అదే చోటికి వస్తుంది. అదే లెన్సుతో అప్పుడు తీసిన రెండు గంటలను ఈ ఏడాది రెండు గంటలతో కలిపి, సిరిల్‌లో నాలుగు గంటల చిత్రంగా పేర్చుకోవచ్చు.